క్రిమినల్ కేసుకు పబ్లిక్ డిఫెండర్ ఉన్నారు, మరి ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు సంగతి ఎవరు చూస్తారు?

అమెరికాలో మీ అక్కగారి అబ్బాయి అరెస్టయితే కోర్టు ఉచితంగా పబ్లిక్ డిఫెండర్‌ని ఇచ్చిందనీ, వెంటనే వాళ్లుంటున్న ప్రభుత్వ ఇంటిని ఖాళీ చేయమని నోటీసు వచ్చిందనీ రాశారు. ఆ లాయరే ఇది కూడా చూస్తారా, రెండూ ఒకేచోట చూసే ఆఫీసులుంటాయా, అలా ఉంటే నిజంగా మేలేనా అని అడిగారు.

చాలాచోట్ల చూడరండి. నేను అక్కడ సివిల్ లీగల్ ఎయిడ్ ఆఫీసులో, అంటే ఇల్లు, కుటుంబం లాంటి క్రిమినల్ కాని కేసుల్లో పేదలకు ఉచితంగా సాయం చేసేచోట, కొన్నేళ్లు పారాలీగల్‌గా (లాయర్లకు సహాయకురాలిగా) పనిచేశాను. తర్వాత మా లాయర్లు వారంలో కొన్ని రోజులు పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులోనే కూర్చునే ఏర్పాటు వచ్చింది. రెండు పద్ధతులూ దగ్గర్నుంచి చూసినదాన్ని కాబట్టి గట్టిగా చెప్పగలను, ఒకేచోట ఉంటే చాలా మేలు.

విడిగా ఎందుకున్నాయంటే, తీవ్రమైన క్రిమినల్ కేసులో లాయరును పెట్టుకోలేనివాళ్లకు రాష్ట్రమే లాయరును ఇవ్వాలని సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో చెప్పింది. సివిల్ కేసులకు సాధారణంగా అలాంటి హక్కు లేదు. 1981లో లాసిటర్ కేసులో, బిడ్డపై తల్లి హక్కులు పూర్తిగా తీసేసే కేసులో కూడా ప్రతిసారీ లాయరును ఇచ్చి తీరాలని లేదు అంది. సివిల్ వైపు లీగల్ ఎయిడ్ ఆఫీసులకు డబ్బిచ్చేందుకు 1974లో లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు గానీ, ఆ డబ్బును సాధారణంగా క్రిమినల్ కేసులకు వాడకూడదు. అలా ఒకే రాత్రి జరిగిన గొడవ రెండు కోర్టుల్లో రెండు ఫైళ్లు అవుతుంది. ఈ లాయరుకు ఆ లాయరెవరో కూడా తెలియదు.

దీనివల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూశాను. ఒకావిడ కొడుకు డ్రగ్స్ దగ్గరుంచుకున్న కేసులో అరెస్టయ్యాడు. జైలు లేదు, ప్రొబేషన్ (బయటే ఉండి షరతులు పాటించడం) చాలు, ఇవాళే ఇంటికి పోవచ్చు అంటే నేరం ఒప్పుకుని సంతకం పెట్టాడు. క్రిమినల్ కేసు వరకు చూస్తే అది మంచి ఒప్పందమే. కానీ ఆ కాగితంలో నేరం జరిగిన చోటు అని వాళ్ల అపార్ట్‌మెంట్ నంబరు ఉంది. ప్రభుత్వ ఇళ్లను నడిపే హౌసింగ్ అథారిటీ లాయరు దాని కాపీ తెచ్చి జడ్జి ముందు పెట్టాడు. నాకేం తెలియదు సార్ అని తల్లి ఎంత చెప్పినా ప్రయోజనం లేకపోయింది. ఇంట్లోవాళ్ల డ్రగ్స్ వ్యవహారం అద్దెదారుకు తెలియకపోయినా సరే, పబ్లిక్ హౌసింగ్ నుంచి ఖాళీ చేయించవచ్చని 2002లో రకర్ కేసులో సుప్రీంకోర్టే తేల్చింది. ఆవిడ, చిన్న పిల్లలిద్దరితో సహా, ఇల్లు వదలాల్సి వచ్చింది.

మా వాళ్లు డిఫెండర్ ఆఫీసులో కూర్చోవడం మొదలయ్యాక దాదాపు ఇలాంటి కేసే వచ్చింది. నిందితుడు నేరం ఒప్పుకునే ముందు డిఫెండర్ పక్క గదికొచ్చి మా లాయరును అడిగింది. ఇద్దరూ మాట్లాడుకుని, ఇంటి ప్రస్తావనే లేని చిన్న అభియోగానికి ప్రాసిక్యూటర్‌ను ఒప్పించారు. శిక్షలో పెద్ద తేడా లేదు, ఇల్లు మాత్రం నిలిచింది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. న్యూయార్క్‌లో బ్రాంక్స్ డిఫెండర్స్ 1997 నుంచి ఇళ్లు, పిల్లల కస్టడీ, ఇమిగ్రేషన్ అన్నీ క్రిమినల్ కేసుతో కలిపి చూస్తోంది. దాని మీద 2019లో హార్వర్డ్ లా రివ్యూలో వచ్చిన అధ్యయనం ప్రకారం, నేరం రుజువయ్యే రేటు మారలేదు గానీ, జైలు శిక్ష పడే అవకాశం 16 శాతం, శిక్షాకాలం 24 శాతం తగ్గాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. భర్త మీద భార్యే ఫిర్యాదు చేసిన కేసులో ఇద్దరి తరఫునా ఒకే ఆఫీసు నిలబడకూడదు. అక్కడ ఆవిడకు వేరే లీగల్ ఎయిడ్ ఉండి తీరాలి. ఇది అడ్డంకి అనుకోకండి, ఆవిడకు అదే రక్షణ.

ఇక మీ వాళ్ల సంగతి. వీసా ఏదైనా, అసలు లేకపోయినా, పబ్లిక్ డిఫెండర్‌ను పొందే హక్కు ఉంటుంది. లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ డబ్బుతో నడిచే ఆఫీసులు మాత్రం స్టూడెంట్ వీసా, హెచ్-1బి వాళ్ల కేసులు సాధారణంగా తీసుకోలేవు, గృహహింస బాధితులైతే వేరు. గ్రీన్ కార్డు ఉంటే, ఆదాయం వాళ్ల పరిమితిలో ఉంటే తీసుకుంటారు. అబ్బాయి పౌరుడు కాకపోతే, ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌పై ఏం ప్రభావమో చెప్పడం డిఫెండర్ బాధ్యత అని 2010లో పాడిల్లా కేసు తేల్చింది. శిక్షను పక్కన పెట్టినా, నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ దృష్టిలో అది శిక్ష పడినట్టే కావచ్చు.

కాబట్టి నోటీసు కాపీ రేపే డిఫెండర్‌కు ఇవ్వండి. నేరం ఒప్పుకునే మాట వచ్చేలోపే ఇంటి కేసు చూసే లాయరుతో మాట్లాడమని అడగండి. ఇద్దరూ మాట్లాడుకోవడానికి అనుమతి పత్రంపై అబ్బాయి, అక్కగారు సంతకాలు పెట్టాలి. టెన్షన్‌లో ఇళ్ల మేనేజరుకు వివరణ ఉత్తరాలు రాయొద్దు, ఇంటి కేసులో ప్రమాణం చేసి చెప్పిన మాటనూ ప్రాసిక్యూటర్ వాడుకోవచ్చు. ఖాళీ చేయించే కేసులో జవాబు గడువు కొన్ని రోజులే ఉంటుంది, ముందు ఆ తేదీ చూడండి.