న్యాయ సలహా: చార్జిషీటు పడ్డాక జరిగే పొరపాట్లు

ప్రశ్న: కొట్లాట కేసులో మా తమ్ముడి మీద చార్జిషీటు వేశారు. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), 126(2), 351(2) సెక్షన్లు, అంటే కొట్టడం, అడ్డగించడం, బెదిరించడం. ఇప్పుడు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ‘మొదటి వాయిదాకి పోకపోయినా ఏం కాదు, తర్వాత నేరం ఒప్పేసుకుంటే ఫైనుతో పోతుంది’ అని తెలిసినవాళ్లు అంటున్నారు. అలా చేయొచ్చా?

జవాబు: వద్దు. ముందు వాయిదా సంగతి. ఉదయం కాల్‌వర్క్‌లో (ఆ రోజు కేసులను వరసగా పిలిచేటప్పుడు) అటెండరు పేరు పిలుస్తాడు. ముద్దాయి లేడు, లాయరూ పలకలేదు అంటే నాన్ బెయిలబుల్ వారంటు ఇచ్చే అవకాశం ఉంది. నాలుగు నెలలు కనబడకపోతే అది చల్లారిపోతుందనుకోవడం పెద్ద భ్రమ. అమలయ్యేదాకో, ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకో వారంటు బతికే ఉంటుంది. బెయిల్ మీదున్న మనిషి సరైన కారణం లేకుండా రాకపోతే బీఎన్‌ఎస్ 269 కింద ఇంకో కేసు. పూచీ ఇచ్చినవాళ్లకూ నోటీసులు వెళ్తాయి.

జ్వరమో, మరో అత్యవసరమో వస్తే పేరు పిలవకముందే లాయరు చేత గైర్హాజరు పిటిషన్ వేయించాలి (బీఎన్‌ఎస్‌ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 355; పాత సీఆర్‌పీసీలో 317). దానికి డాక్టరు సర్టిఫికెట్ జత చేయాలి. వారంటు ఇప్పటికే పడి ఉంటే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా లాయరుతో తనే కోర్టుకు వెళ్లి, వారంటు రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేసుకోవాలి.

ఇక ఒప్పుకోవడం. ఫైనుతో పోయినా అది శిక్షే, రికార్డులో దోషి అనే పడుతుంది. ఉద్యోగానికి కేసుల వివరాలడిగే అటెస్టేషన్ ఫారం నింపే రోజున ఆ ఫైను రసీదే ఎదురొస్తుంది. పైగా మీరు రాసిన మూడు సెక్షన్లూ రాజీకి వీలైనవి. రాజీతో ముగిస్తే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. ఒకే గొడవకు ఈ రెండు ముగింపులకీ ఇంత తేడా ఉంటే, తొందరపడి తల ఊపడం ఎందుకు?

అంతకన్నా ముందు కాగితాలు చదవండి. హాజరైన నాటి నుంచి 14 రోజుల్లోపు చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఊండ్ సర్టిఫికెట్‌నీ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే పత్రం) ఫిర్యాదునీ పక్కపక్కన పెట్టి చూడండి: దెబ్బ కుడిచేతికా ఎడమచేతికా, ఆసుపత్రికి వెళ్లిన టైమెంత, ఎవరు కొట్టారని డాక్టరుకు చెప్పారు? కేసు బలమో బలహీనతో చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఇది చూడకుండా ‘ఒప్పుకో’ అనే లాయరుంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ఫీజు కట్టే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ప్రశ్న: గొడవ రోజు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్లోంచి తీసేస్తే నయమా?

జవాబు: ముట్టుకోవద్దు. మీ ఫోన్లో తీసేసినా అవతలివాళ్ల ఫోన్లో ఉంటాయి, స్క్రీన్‌షాట్లూ ఉంటాయి. సాక్ష్యంగా కోర్టు అడగగల ఎలక్ట్రానిక్ రికార్డును, సాక్ష్యానికి అందకూడదని చెరిపేస్తే బీఎన్‌ఎస్ 241 కింద అదే వేరే నేరం. శిక్ష మూడేళ్ల దాకా. కొట్టినందుకు 115(2)లో గరిష్ఠం ఏడాదే! మీకు అనుకూలంగా ఉన్న మెసేజ్ కూడా ఆ చెరిపివేతలో పోతుంది. ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, లాయరుకు చూపించండి.

ప్రశ్న: ఫిర్యాదుదారు ఇంటికి పెద్దమనుషులతో వెళ్లి మాట్లాడొచ్చా?

జవాబు: ముద్దాయి మాత్రం వెళ్లకూడదు. సాక్షుల జోలికి పోకూడదని బెయిల్ షరతు ఉంటే ఆ ఒక్క రాకతోనే బెయిల్ రద్దుకు పిటిషన్ పడొచ్చు. మంచి మాటే అన్నా ‘బెదిరించాడు’ అంటే కాదని రుజువు చేయడం కష్టం. లాయర్ల ద్వారా మాట్లాడించండి. కుదిరితే కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో ఇద్దరూ సంతకాలు పెట్టి నమోదు చేయించుకోండి. తెల్లకాగితం మీద రాసుకున్న రాజీతో కేసు మూసుకుపోదు, వాయిదాలు నడుస్తూనే ఉంటాయి.