సీఏ ఫర్మ్ వదిలి ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరవచ్చా?

మీరు అనంతపురంలోని ఒక సీఏ ఫర్మ్‌లో మూడేళ్లుగా జీతానికి పనిచేస్తున్నారనీ, పెనుకొండ వైపున్న ఒక వాహన విడిభాగాల కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం ఇస్తానంటోందనీ, జీతం ఎక్కువే అయినా ప్రాక్టీసును వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదనీ రాశారు. నేను కడపలో ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) చేసి, క్వాలిఫై అయ్యాక అదే ఆఫీసులో ఐదేళ్లు పనిచేసి, తర్వాత ఎర్రగుంట్ల ప్రాంతంలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి కాబట్టి నా అనుభవం చెబుతాను.

నేను వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నది ఒక సెప్టెంబరు చివరి వారంలో. ట్యాక్స్ ఆడిట్ గడువు 30వ తేదీ అయితే, ప్రొద్దుటూరు బంగారు, బట్టల దుకాణాల లెక్కలన్నీ 20వ తేదీ దాటాకే వచ్చి పడేవి. వాళ్లలో సగం మంది నిరుటి ఫీజే బాకీ. అలాంటి రాత్రుల్లో ఏ ఉద్యోగమైనా మేలుగానే కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ప్రతి నెలా లెక్కలు ముగించాలనీ, ఏడాదికొక పెద్ద సెప్టెంబరు పోయి పన్నెండు చిన్న సెప్టెంబర్లు వస్తాయనీ అప్పుడు నాకు తట్టలేదు. అందుకే అలసటతో ఉన్నప్పుడు ఈ నిర్ణయం తీసుకోవద్దని చెబుతున్నాను.

పని స్వభావం మాత్రం నిజంగా మారుతుంది, నాకు నచ్చింది కూడా అదే. ఫర్మ్‌లో ఉన్నంతకాలం జరిగిపోయిన వ్యవహారాల వోచర్లు అడిగాను. ఇక్కడ చేరాక వచ్చిన మొదటి షట్‌డౌన్‌లో, అంటే మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు, కిల్న్‌కు (సిమెంటు బట్టీకి) సంబంధించిన ఒక ఖర్చును మరమ్మతు కింద రాయాలా, ఆస్తి విలువకు కలపాలా అని మెకానికల్ ఇంజినీరు పర్చేజ్ ఆర్డర్ వెళ్లకముందే నా దగ్గరికి వచ్చాడు. నెలాఖరున క్లింకర్ (బట్టీలోంచి వచ్చే, పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డల) కుప్పను కొలిచి, ఆ ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించి టన్నులు తేలుస్తారు. సాంద్రత అంకె కొద్దిగా మారినా ఆ నెల లాభం ఎలా కదులుతుందో అక్కడే అర్థమైంది. అంతకుముందు స్టాక్ స్టేట్‌మెంటు తీసుకుని ఫైలులో పెట్టడమే తప్ప కుప్ప దగ్గర నిలబడింది లేదు. అయితే ఆడిటర్ గొంతు అంత తొందరగా పోదు. స్టోర్స్ మేనేజరుతో మొదటి వారంలో నేను మాట్లాడిన తీరుకు ఆయన నెలరోజులు నా కాగితాలు కదలనివ్వలేదు, తప్పు నాదే.

పోగొట్టుకున్నదీ ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆ ఖర్చును చెల్లించిన ఏడాదిలోనే లెక్కించాలన్న ఆదాయపు పన్ను చట్టంలోని 43బి(హెచ్) నిబంధన కింద తొలి లెక్కలు ముగిసే 2024 మార్చిలో, ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి ఒకరు పాత చనువుతో నాకు ఫోన్ చేశారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సరఫరాదారులందరికీ అది వర్తిస్తుందని తడుముకోకుండా చెప్పేశాను. టోకు వ్యాపారులకు ఆ రిజిస్ట్రేషన్ ప్రాధాన్య రంగ రుణాల కోసమే ఇస్తారనీ, తయారీదారులకూ సేవలందించేవారికీ ఉన్న బాకీలనే చూడాలనీ ఫర్మ్‌లోని మిత్రుడు సరిదిద్దాడు. ఎన్నో రకాల వ్యాపారాలు చూసిన బుర్ర ఒక్క సిమెంటుకే పరిమితమైతే ఇలాగే అవుతుంది.

పూర్తికాల ఉద్యోగంలో చేరినవారు ఆడిట్ రిపోర్టులపై సంతకం చేయలేరు, ఆర్టికల్ విద్యార్థులను తీసుకోలేరు. మళ్లీ ప్రాక్టీసుకు రావాలనుకుంటే సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, క్లయింట్లను మొదటి నుంచి వెతుక్కోవాలి. మీ విషయంలో క్లయింట్లు ఎటూ పార్టనర్ గారివే కనుక, మీరు భయపడుతున్నంత నష్టం ఇందులో లేదనిపిస్తోంది.

నేను మీ స్థానంలో ఉంటే అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ సీటు? చాలా ఫ్యాక్టరీల్లో లెక్కల ముగింపు హెడ్డాఫీసులోనే జరుగుతుంది. ప్లాంటులో కూర్చున్నవారు బిల్లులు పాస్ చేసి, జీఎస్టీ సరిపోల్చి పంపుతారు. అలాంటి సీటులో రెండేళ్లు గడిచాక మీరు నేర్చుకునేది ఇప్పటి ఫర్మ్‌లో నేర్చుకునేదానికన్నా తక్కువే. నెల ముగింపు, ఖర్చుల లెక్క, బడ్జెట్ ప్లాంటులోనే జరుగుతాయా, మీరు ఎవరికి రిపోర్ట్ చేయాలి అన్నవి ఇంటర్వ్యూ చేసినవారినే అడగండి. వీలైతే అక్కడ ఇప్పటికే పనిచేస్తున్నవారితో ఒకసారి మాట్లాడండి. జవాబు తృప్తికరంగా ఉంటే చేరండి, లేకుంటే జీతం చూసి వెళ్లవద్దు. ఆ జీతంలోనూ కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి చూపిస్తారు కాబట్టి నెలకు చేతికి వచ్చేదెంతో విడిగా లెక్కవేయండి. అనంతపురంలోనే ఉండి రోజూ ఒక్కోవైపు సుమారు 70 కిలోమీటర్లు వెళ్లి రావాలంటే దాని ఖర్చూ అందులోంచే పోతుంది.

వెళ్లేటట్లయితే పార్టనర్ గారికి ముందుగా చెప్పి, ఆడిట్ సీజన్ ముగిశాక అక్టోబరులో బయటపడండి. పెండింగ్ నోటీసుల జాబితా, పోర్టల్ పాస్‌వర్డ్‌లు, క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లు అన్నీ అప్పగించి, అందినట్టు రాయించుకోండి. నేను టోకెన్ల సంచి ఒకటి నా సామాన్లలో కలిపి పట్టుకుపోయి, వాటికోసం ఎర్రగుంట్ల నుంచి కడపకు రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.