విమానం కూలాక బతికిన అపరిచితులతో థ్రిల్లర్ రాయాలంటే సస్పెన్స్ ఎక్కడి నుంచి తేవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మంచు కొండల్లో విమానం కూలుతుంది, ఒకరికొకరు తెలియని కొందరు బతుకుతారు, వాళ్లలో ఒకడు హంతకుడు. ఆ హంతకుడు లేకపోతే కథ నడవదా అంటున్నారు. భేషుగ్గా నడుస్తుంది. ఇంకా మాట్లాడితే, వాడు లేకపోతేనే బాగుంటుంది.

నేను కొన్నేళ్లు కేబిన్ క్రూగా పనిచేశాను. ప్రమాదం ఏదీ చూడలేదు, అదృష్టం. కానీ పొగమంచు వల్ల వేరే ఊళ్లో దిగి, తలుపులు మూసుకుని గంటల తరబడి ఆగిపోయిన రాత్రులు ఉన్నాయి. మొదట్లో ఎవరి ఫోను వాళ్లదే. కాసేపటికి ఓ పెద్దావిడ పులిహోర డబ్బా తీసి పక్క సీట్లవాళ్లకు పెట్టడం మొదలుపెడుతుంది. ఇంకో ఆయన లేచి మాతో గొడవకు దిగుతాడు. ఎవరూ ఎన్నుకోకుండానే ఆ వరుసలకు ఆయనే నాయకుడైపోతాడు. ఇక పుకార్ల సంగతి సరేసరి. ముందు వరుసలో 'పెట్రోలు పోస్తున్నారండీ' అని చెప్పిన మాట చివరి వరుసకు వెళ్లేసరికి 'పెట్రోలు కారుతోందట' అయిపోయేది. మీ సస్పెన్స్ అక్కడుంది. ఎవరికి ఏం తెలుసు, అందులో ఎంత నిజం, దాన్ని నమ్మి ఎవరు ఏం చేస్తారు.

1972 అక్టోబర్ 13న ఆండీస్ పర్వతాల్లో కూలిన ఉరుగ్వే విమానాన్నే తీసుకోండి. 45 మంది ఎక్కారు, 72 రోజుల తర్వాత 16 మంది బయటపడ్డారు. చనిపోయినవాళ్ల మాంసం తిని బతికారన్నది అందరికీ తెలిసిన విషయమే కాబట్టి దాని జోలికి వెళ్లను. నన్ను పట్టి కుదిపేసేది వేరే. చిలీలోని కురికో పట్టణం దాటేశామన్న పొరపాటు లెక్కతో పైలట్లు ఉత్తరానికి తిరిగి కిందికి దిగారు, కొండను ఢీకొట్టారు. కొనప్రాణంతో ఉన్న కోపైలట్ కూడా 'కురికో దాటాం' అనే అంటూ పోయాడు. బతికినవాళ్లు ఆ మాటే పట్టుకున్నారు. పడమటి వైపు ఒక్క కొండ దాటితే చిలీ పచ్చిక బయళ్లే అనుకున్నారు. నిజానికి వాళ్లున్నది అర్జెంటీనా వైపు. తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో మూతపడ్డ ఒక హోటల్ ఉందని వాళ్లకు తెలియదు. డిసెంబర్‌లో బతికినవాళ్లలో పరాడో, కనేసా అనే ఇద్దరు మరో మిత్రుడితో కలిసి పడమటికే ఎక్కారు. శిఖరం మీద నిలబడి చూస్తే పచ్చిక లేదు, కనుచూపు మేరా మంచు కొండలే. తిండి చాలదని మూడో అతన్ని వెనక్కి పంపి, ఆ ఇద్దరే ముందుకు నడిచారు. చచ్చిపోయిన మనిషి చెప్పిన తప్పు మాట అన్ని రోజులు కథను నడిపింది చూడండి. ఇంతకన్నా విలన్ ఎందుకు?

వాళ్ల దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ రేడియో కూడా ఉండేది. గాలింపు ఆపేశారన్న వార్త అందులోనే విన్నారు. ఆ వార్త మిగతావాళ్లకు చెప్పాలా వద్దా? మీ నవలలో రేడియో ఒక్కరి చేతిలోనే ఉందనుకోండి, ఒక అధ్యాయం దానంతటదే వచ్చేస్తుంది. ఒక తేడా మాత్రం గమనించండి. అక్కడ చాలామంది ఒకే రగ్బీ జట్టువాళ్లు, వాళ్ల స్నేహితులు, బంధువులు. కెప్టెన్ మాట వినే అలవాటు ముందే ఉంది. మీ పాత్రలకు ఆ అలవాటు ఉండదు కాబట్టి నీళ్ల కోసం మంచు కరిగించే పని ఎవరిది అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

కథ ఇప్పటి కాలానిదైతే పాఠకుడు వేసే మొదటి ప్రశ్న 'ఇన్ని ఉపగ్రహాలుండగా ఎందుకు దొరకలేదు?' అని. విమానంలో ప్రమాద సంకేతం పంపే బీకన్ ఉంటుంది, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలు దాన్ని అందుకుంటాయి. కూలినప్పుడు దాని యాంటెనా విరిగిపోయిందని రాయండి, ఎవరూ కాదనరు. అడవైతే ఇంకా తేలిక. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వైఎస్ హెలికాప్టర్ గల్లంతైతే, అంత గాలింపు జరిగినా మర్నాడు ఉదయం గానీ ఆచూకీ దొరకలేదు. 2023 మేలో కొలంబియా అడవిలో చిన్న విమానం కూలినప్పుడు రెండు వారాలకు విమానం కనిపించింది గానీ, బతికిన నలుగురు పిల్లలు అక్కడ లేరు. కదలకుండా ఒకేచోట ఉండమని వాళ్ల అమ్మమ్మ గొంతు రికార్డు చేసి హెలికాప్టర్ మైకుల్లో వినిపించారు. చివరికి 40 రోజులకు దొరికారు. వెతికేవాళ్లు, తప్పిపోయినవాళ్లు ఒకే అడవిలో ఒకరినొకరు దాటిపోతుంటారు. ఆ టెన్షన్ పాఠకుణ్ణి కూర్చోనివ్వదు.

మా వృత్తి తరఫున ఒక్క మనవి. మీ విమానం నీళ్లలో పడితే లైఫ్ జాకెట్‌ను లోపలే ఊదించకండి. 1996లో కొమొరోస్ దీవుల దగ్గర ఇథియోపియా విమానం సముద్రంలో పడ్డప్పుడు కొందరు అలా చేసి, లోపలికి నీళ్లు రాగానే పైకి తేలి, బయటికి రాలేక చనిపోయారు. తలుపు దాటాకే తాడు లాగాలి. మీ హీరోకి ఇది తెలిసి, పక్కనున్నవాడికి తెలియకపోతే ఆ నాలుగు క్షణాలు మీవే.

ముగింపు విషయంలో, హెలికాప్టర్ రాగానే శుభం కార్డు వేయకండి. ఆండీస్‌లో మొదటి రోజు సగం మందినే తీసుకెళ్లగలిగారు. మిగతావాళ్లు ఇంకో రాత్రి అక్కడే గడిపారు. అపరిచితుల మధ్య, ముందు ఎవరు ఎక్కాలో ఎవరు తేలుస్తారు?