మూర మల్లెల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు మల్లెలు కట్టే ఆమె మీద రాసి పంపిన రెండు పేజీల స్కెచ్చూ అందాయి. రోజూ చూసేవాటిలో అందాన్ని ఎలా పట్టుకోవాలని అడిగావు. నీ పేజీల్లో ‘అందమైన’ అన్న మాట ఏడుచోట్ల ఉంది. ఆ పూలదండ ఎలా కడతారన్నది ఒక్కచోటా లేదు. చిక్కంతా అక్కడే.

‘ముత్యాల్లాంటి మొగ్గలు ఆమె సుకుమారమైన వేళ్ళ మధ్య నాట్యమాడుతున్నాయి’ అని రాశావు. ఈ వాక్యానికి పూలకొట్టు దాకా వెళ్ళనక్కర్లేదు, మంచం మీద పడుకునీ రాయొచ్చు. పని తెలియనిచోటే విశేషణాలు వచ్చి పడతాయి. అందుకని మళ్ళీ వెళ్ళు.

హైదరాబాద్ గుడిమల్కాపూర్ లాంటి పెద్ద పూల మార్కెట్ ఇప్పుడే వద్దు. అక్కడ రాశులు చూసి కళ్ళు చెదురుతాయి, చేతులు కనబడవు. మీ వీధిలో గుడి ముందు బల్ల వేసుకుని కట్టే ఆమె చాలు. సాయంత్రం నాలుగు, ఐదు మధ్య వెళ్ళు. మల్లెమొగ్గలు పొద్దున్నే కోస్తారు, పొద్దు వాలాక విచ్చుకుంటాయి. ఆలోపు కట్టి అమ్ముకోవాలి, ఆమె తొందరంతా దాని గురించే. ముందు ఒక మూర కొను. కొనకుండా పక్కన నిలబడి నోట్‌బుక్కు తీస్తే మున్సిపాలిటీ మనిషివనుకుంటుంది!

మొదటి రోజు చేతులు తప్ప ఇంకేమీ చూడకు. అరటినార ముందే తడిపి పెట్టుకుంటారు, ఎండు నార పుటుక్కుమంటుంది. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు మధ్యలో ఒకదాని మీద ఒకటి. నార ఒక చుట్టు తిప్పి, వేలి మీద మెలిక వేసి, ఆ మెలికను కాడల మీదుగా దించి లాగుతారు. అంతే, ఒక ముడి. పక్కనే ఇంకో నాలుగు. ఇదంతా జరుగుతుంటే ఆమె చూపు మాత్రం రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళ మీదే ఉంటుంది. ఆ చూపుకీ వేళ్ళకీ మధ్య ఉన్న ఎడం రాయగలిగితే నాట్యం ఊసు అక్కర్లేదు.

రెండో రోజు, ఏది చెడుతుందో చూడు. అందం గురించి అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. ‘ఎక్కడ పాడవుతుందమ్మా?’ అని అడుగు, గంట చెబుతారు. ముడి మరీ బిగిస్తే కాడ తెగి పువ్వు రాలుతుంది, దండలో అక్కడ బోసిగా ఉంటుంది. వదులుగా ఉంటే పూలు నార మీద జారి ఒకచోట గుంపు కడతాయి. సన్నటి దారమైతే కాడను కోస్తుంది, నార వెడల్పు కాబట్టి కొయ్యదు. వాడకుండా నీళ్ళు చల్లాలి గానీ, నీళ్ళు నిలిస్తే రేకులు కమిలిపోతాయి. అందుకే తడిగుడ్డ కప్పుతారు, అరటాకులో పొట్లం కడతారు.

ఇక అసలు సంగతి. ముడికీ ముడికీ మధ్య కాస్త ఎడం వదిలితే మూరకు పూలు తక్కువ పడతాయి, డబ్బు మిగులుతుంది. ఒత్తుగా కడితే దండ నిండుగా ఉంటుంది, లాభం తగ్గుతుంది. కొనేవాళ్ళకీ ఇది తెలుసు, అందుకే పల్చగా ఉందని బేరం పెడతారు. మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, ఆ కొలిచే చెయ్యి ఆమెదే. పొడుగు చేతివాళ్ళ దగ్గర కొనాలని ఆశపడే ఇల్లాళ్ళుంటారు. చివర కొసరుగా నాలుగు పూలు ఎక్కువ తెంపి ఇస్తుంది చూడు, దండ అందమూ ఇంటి ఖర్చూ అక్కడ ఒకే ముడిలో ఉన్నాయి. నీ కథ అక్కడ ఉంది. కొట్టు వెనక విషాద గాథ ఏదో ఉండి తీరాలని తవ్వకు.

మూడో రోజు చెవులు. ఆమె మాటల్లో మూడు వాక్యాలు యథాతథంగా రాసుకో, వ్యాకరణం దిద్దకు. ఫోన్‌లో ఫోటో తీయొద్దు. ఫోటో ఉందన్న ధైర్యంతో కన్ను బద్ధకిస్తుంది.

ఆ రాత్రే రాయి, తెల్లారితే వేళ్ళ వరస మర్చిపోతావు. 400 మాటలు దాటనీకు. మొదటి చిత్తులో ‘అందమైన’, ‘అద్భుతమైన’, ‘మనోహరమైన’ కొట్టేసి, ఆ మాట ఉన్నచోట చెయ్యి ఏం చేస్తోందో పెట్టు. ఉపమానం ఒక్కటి ఉంచుకోవచ్చు, అదీ ఆ బల్ల మీద ఉన్న వస్తువుల్లోంచి వస్తేనే. ‘చేసింది’, ‘పెట్టింది’ అన్నచోట తడిపింది, మెలిపెట్టింది, తెంపింది అని సరైన క్రియ వెయ్యి. ఆ తర్వాత గట్టిగా చదివి, నాలుక తడబడిన వాక్యాన్ని రెండు చెయ్యి. వీలైతే ఆమెకే వినిపించు. ‘మేమట్లా కట్టం బాబూ’ అంటే దిద్దుకో. ఆ విమర్శ ఏ పత్రికాఫీసులోనూ దొరకదు.

ఒక్క జాగ్రత్త. మల్లెలు ఎండాకాలం పూలు, వానలు ముదిరితే బుట్టలో బంతీ చామంతీ చేరతాయి. బంతిపూలు ఎక్కువగా సూదితో గుచ్చుతారు, అక్కడ ఈ ముడి ఉండదు. అప్పటిదాకా వాయిదా వేస్తే నోట్సు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి. ఈ వారమే వెళ్ళు. దిద్దిన ప్రతితోపాటు కొట్టేసిన చిత్తు కూడా పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య