నాగావళి ఒడ్డున సంస్థ పెట్టబోయే మేనల్లుడికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీవు పంపిన ప్రణాళికను రెండుసార్లు చదివాను. మన పిల్లలు చదువయ్యాక బెంగళూరు బండి ఎక్కకుండా ఇక్కడే పనిచేసుకోవాలన్న నీ కోరిక నాదీ. అందుకే నాకు నచ్చని రెండు విషయాలను దాచకుండా రాస్తున్నాను.

మొదటిది 'సిలికాన్ నాగావళి' అన్న పేరు, దానికోసం అద్దెకు తీసుకోదలచిన అద్దాల మేడ. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎలక్ట్రానిక్ సంస్థలకు పేరొందిన లోయకు సిలికాన్ వ్యాలీ అన్న పేరు పత్రికకెక్కి వ్యాపించింది 1971లో. అప్పటికి అక్కడ సిలికాన్‌తో ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే పని మొదలై పదిహేనేళ్లయింది. పని ముందు, పేరు తర్వాత. స్కాట్లాండ్‌లో అదే పేరును అనుకరించిన 'సిలికాన్ గ్లెన్' అనే ఎలక్ట్రానిక్ పరిశ్రమల ప్రాంతం ఎక్కువగా బయటి కంపెనీల ఫ్యాక్టరీల మీద ఆధారపడింది. 2001లో సెల్‌ఫోన్లకు గిరాకీ పడిపోయినప్పుడు అక్కడి బాత్‌గేట్‌లోని మోటరోలా కంపెనీ ఫ్యాక్టరీ మూతపడి మూడువేల మందికి పైగా ఉపాధి కోల్పోయారు. హైదరాబాదులో 1998 నాటి ఐటీ మేడ సైబర్ టవర్స్ అందరి కళ్లకూ కనిపిస్తుంది కానీ, అంతకు మూడు దశాబ్దాల ముందే, 1967లో, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అక్కడ వెలసిందన్న సంగతి ఎవరూ తలచుకోరు.

రెండవది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. చేరినవారు మానేశాక ఇదే పనిలో మరో సంస్థ పెట్టరాదని నియామక పత్రంలో షరతు రాశావు. 1957లో సిలికాన్ వ్యాలీలో, ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకరైన షాక్లీ దగ్గర మానేసిన ఎనిమిదిమంది అదే పనికి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే సంస్థను స్థాపించారు. వారిలో నోయిస్, మూర్ 1968లో దాన్నీ వదిలి, కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్ ప్రారంభించారు. ఆ లోయ పెరిగింది చాలావరకు ఇలా విడిపోయినవారి వల్లనే. అటువంటి షరతు చెల్లదని కాలిఫోర్నియా చట్టం 1872 నుంచీ చెబుతోంది. మన ఒప్పందాల చట్టంలోని 27వ సెక్షన్ సారాంశమూ దాదాపు అదే, అదీ 1872 నాటిదే. నేను పనిచేసిన ఒక సంస్థ, మానేసి సొంతంగా పని మొదలుపెట్టబోయిన కుర్రవాడి సర్టిఫికెట్లను ఆరునెలలు తొక్కిపెట్టింది. అప్పుడు నేను నోరు విప్పలేదు. ఆ బాధ నన్నింకా వదలలేదు.

ఇక పని ఏమిటంటావా, పలాసకు వెళ్లి పదిరోజులు ఉండు. ఉద్దానం తోటల్లో జీడిపిక్క పండింది కనుకనే దాని చుట్టూ అక్కడ పరిశ్రమ అల్లుకుంది. పప్పును పరిమాణం, రంగు, విరిగిన తీరు చూసి వేరుచేసే చోట కూర్చుని, చిన్న యజమాని కొనగలిగే ధరలో కెమెరాతో ఆ పని చేయించగలమా అని అక్కడి ఆడవాళ్లనే అడిగి తెలుసుకో. వారి చేతికి తెలిసినది మనకు తెలియదు. యంత్రం వస్తే వారి కూలి ఏమవుతుందో కూడా అక్కడే ఆలోచించు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నియామక పత్రం ప్రతిని వెంట తీసుకురా. ఆ షరతు కొట్టివేసి, ఇద్దరం కూర్చుని కొత్తది రాద్దాం.

ఇట్లు,
నీ మావయ్య