వంటింట్లో ఈగ వేరు, జామకాయలో పురుగు పెట్టే ఈగ వేరు

అరటిపళ్ళ చుట్టూ ముసిరే చిన్న ఈగల కోసం గ్లాసులో వెనిగర్ పెట్టినా తగ్గలేదనీ, పెరట్లో జామకాయ ఏది కోసినా తెల్ల పురుగులే కనిపిస్తున్నాయనీ రాశారు. పక్కనే కాకర పాదు కూడా ఉందన్నారు. ఇదంతా ఒకే ఈగ పనా అని అడిగారు. కాదండీ. ఒకటే అనుకుని నేనొక వానాకాలం మొత్తం పోగొట్టుకున్నాను. వంటింట్లో పనిచేసిన వెనిగర్ గ్లాసునే తీసుకెళ్ళి జామకొమ్మకు వేలాడదీశాను. ఆ ఏడు మాకు ఒక్క మంచి కాయ దక్కలేదు.

ముందు వంటింటి సంగతి చెప్తాను.

మాది రాజమండ్రి. కింద చిన్న పెరడు, పైన మిద్దె తోట. శ్రావణమాసం వచ్చిందంటే నోములు, పేరంటాలు, తాంబూలాలు. ఇంటికి వచ్చిన అరటిపళ్ళు తినేవాళ్ళు లేక బుట్టలోనే నల్లబడతాయి. ఈగలు కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతాయి కాబట్టి తప్పంతా అరటిపళ్ళదే అనుకునేదాన్ని. ఆ ఏడు పళ్ళన్నీ పంచిపెట్టేసి, బుట్ట కడిగి ఎండలో బోర్లించాను. వారం గడిచినా ఈగలు అలాగే ఉన్నాయి. నిమ్మచెక్కకు లవంగాలు గుచ్చి పెట్టాను, కర్పూరం వెలిగించాను, దోమల బ్యాట్ పట్టుకుని వంటింట్లో షటిల్ ఆడాను. చివరికి ఆ నిమ్మచెక్క మీదే వచ్చి వాలాయి.

మా అబ్బాయి అప్పుడు డిగ్రీలో జువాలజీ చదువుతున్నాడు. వాళ్ళ ల్యాబ్‌లో ఇవే ఈగల్ని సీసాల్లో పెంచుతారు. డ్రోసోఫిలా అంటారు. మూడు మిల్లీమీటర్ల ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. "మేం అక్కడ మేపుతుంటే నువ్విక్కడ చంపుతున్నావా" అని నవ్వి, ఒక పనికొచ్చే మాట చెప్పాడు. "అమ్మా, అవి పండు కోసం రావు, పులిసిన వాసనకి వస్తాయి. ఇంట్లో ఏది పులుస్తోందో చూడు." పులిసేటప్పుడు పెరిగే ఈస్టే వాటికీ, వాటి పిల్లలకీ తిండి అట. ఈ ఈగల మీద పరిశోధన చేసిన థామస్ హంట్ మోర్గాన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1933లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నాడని కూడా చెప్పాడు గానీ, పొయ్యి దగ్గర నిలబడి ఈగలు తోలుకునేదానికి అదేం ఓదార్పు?

మన ఇళ్ళలో పులిసేది అంటే ఇంకేముంది, దోసెల పిండి. పిండి గిన్నె ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంటుంది, దాని తప్పు లేదు. గ్రైండర్ని ఎత్తి చూశాను. పిండి తీసేటప్పుడు కారిన చారలు అడుగుకు చేరి, రబ్బరు కాళ్ళ మధ్య వేలెడు మందాన పేరుకున్నాయి. పైన ఎండినట్టుంది, లోపలంతా తడి. అందులో సన్నటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. గ్రైండర్ పైన రోజూ తుడుస్తాను. ఎత్తి కింద తుడిచి ఎన్నాళ్ళైందో నాకే గుర్తులేదు. అదీ వాటి పుట్టిల్లు.

మీకు గ్రైండర్ కాకపోతే ఇంకొకటి ఉంటుంది. ఉల్లిపాయల బుట్ట అడుగున మెత్తబడిన బంగాళాదుంప, చెత్తబుట్టలో కవరు చిరిగి కిందికి దిగిన పుచ్చకాయ నీళ్ళు, దేవుడి దగ్గర తీసిన పువ్వులు కట్టి మూలన పెట్టిన సంచి, కొబ్బరినీళ్ళు పట్టి మరిచిపోయిన చెంబు, తడి ఆరని మాప్. ఎక్కడుందో తెలియకపోతే నాలుగు గ్లాసుల్లో ఎర కలిపి నాలుగు మూలలా పెట్టి పొద్దున్నే చూడండి. ఎక్కువ పడిన గ్లాసుకు దగ్గర్లోనే వెతకాలి. నాకు గ్రైండర్ పక్క గ్లాసే నల్లగా కనిపించింది.

ఇక మీ వెనిగర్ ఎందుకు పనిచేయలేదంటే, బహుశా మీరు పెట్టింది తెల్లటి సింథటిక్ వెనిగర్ అయ్యుంటుంది. కిరాణా కొట్లో చవగ్గా దొరికేది అదే. అందులో పులుపు తప్ప పండు వాసన ఉండదు. యాపిల్ సైడర్ వెనిగర్ అయితే వస్తాయి. కానీ దానికోసం డబ్బులు పెట్టక్కర్లేదు. బాగా మగ్గిన అరటిపండు ముక్క నలిపి, కాస్త బెల్లం నీళ్ళు, ఒక చెంచా పులిసిన పిండి కలిపితే చాలు. మా వైపు తాటికల్లు కుండల మీద ఈగలు ఎలా ముసురుతాయో చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు తప్పకుండా వెయ్యాలి. అది లేకపోతే ఈగ నీటి మీద నింపాదిగా కూర్చుని, తాగి, ఎగిరిపోతుంది. లిక్విడ్ పడితే మునిగిపోతుంది. పైన కాగితం గరాటులా చుట్టి పెడితే లోపలికి వెళ్ళినవి బయటికి రాలేవు.

అయితే గ్లాసు మాత్రమే పెట్టి ఊరుకుంటే ఎన్నాళ్ళైనా పడుతూనే ఉంటాయి. ఒక్క ఆడ ఈగ వందల గుడ్లు పెడుతుంది. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి పది రోజులు పడుతుంది. అంటే పుట్టిల్లు కడిగేసిన తర్వాత కూడా, అప్పటికే ఎక్కడో గూడు కట్టుకున్నవి ఒక వారం, పది రోజులు బయటికి వస్తూనే ఉంటాయి. నేను మూడో రోజుకే "ఇదీ పనిచేయలేదు" అని విసుక్కున్నాను. పన్నెండో రోజుకి వంటిల్లు ఖాళీ అయింది.

ఒక్క విషయం చూసుకోండి. బాత్రూం గోడ మీద వాలి, బూజు రంగులో, రెక్కల మీద నూగు ఉండేవి ఇవి కావు. అవి డ్రైన్ ఈగలు. జాలీ తీసి పైపులో పేరుకున్న జిగురుని బ్రష్‌తో రుద్దితేనే పోతాయి, ఎరలకు లొంగవు. కుండీల మట్టి మీద పొడుగు కాళ్ళతో తిరిగే నల్లటివి మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వస్తాయి. నీళ్ళు తగ్గించండి.

ఇప్పుడు జామ చెట్టు.

ఇక్కడ ఈగ పేరు బాక్ట్రోసెరా. వంటింటి ఈగకు రెండింతలు పైనే ఉంటుంది, పసుపు చారలతో చిన్న కందిరీగలా కనిపిస్తుంది. వంటింటిది కుళ్ళిన దాని కోసం వస్తే ఇది చెట్టు మీది మంచి కాయ కోసం వస్తుంది. పండబోయే కాయకు సూదిలాంటి దాన్ని గుచ్చి తోలు కింద గుడ్లు పెడుతుంది. పైన చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు. మనం కాయ కోసి చూసేసరికి పురుగులు గుజ్జు తింటుంటాయి. పురుగు ఎదిగాక, రాలిన కాయలోంచి గెంతి మట్టిలోకి దూరి, అక్కడ గోధుమరంగు బియ్యపు గింజలా మారి, కొన్ని రోజులకి ఈగై పైకి వస్తుంది. దానికి వెనిగర్ గ్లాసుతో ఏం పని?

నా రెండో ఏడు ఇంకో రకం పొరపాటు. పురుగుమందుల కొట్లో లింగాకర్షక బుట్ట కొనుక్కొచ్చాను. అందులో మిథైల్ యూజినాల్ అనే వాసన ద్రవం పీల్చిన చెక్కముక్క ఉంటుంది. జామకు కట్టిన మొదటి సాయంత్రానికే అడుగున యాభై దాకా ఈగలు పడ్డాయి. గెలిచేశాననుకుని మా ఆయనకి ఫోటో కూడా పెట్టాను. తీరా కాయలు కోస్తే మళ్ళీ పురుగే. ఆ వాసనకి మగ ఈగలే వస్తాయి. గుడ్లు పెట్టేది ఆడది. ఎకరాల తోటలో అంతటా బుట్టలు కడితే మగవి కరువై గుడ్లు తగ్గుతాయి. ఒక్క చెట్టున్న పెరట్లో అయితే, ఎక్కడో జతకట్టిన ఆడ ఈగ గోడ దాటి వస్తుంది. బుట్ట వద్దనను. ఈగల కాలం మొదలైందో లేదో అదే చెబుతుంది. దాని మీదే నమ్మకం పెట్టుకోకండి.

అదే బుట్టని కాకర పందిరి కింద కూడా కట్టాను, అది ఇంకా దండగ. కాకర, బీర, పొట్ల, సొర, దోస కాయల్ని పాడుచేసే ఈగ వేరే. దాని మగవి క్యూ లూర్ అనే ఎరకి వస్తాయి, మిథైల్ యూజినాల్‌కి రావు. కొట్లో "పండు ఈగ బుట్ట" అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు. ఏ చెట్టుకో చెప్పి అడగండి. కాకర పిందె వంకరపోయి, ముందే పసుపెక్కి మెత్తబడితే అది ఈ ఈగ పనే.

ఒక వింత చెప్పాలి. జామకు దగ్గర్లోనే మా తులసికోట ఉంది. ఆకులు తుంచినప్పుడల్లా ఈ ఈగలు వచ్చి చుట్టూ తిరిగేవి. తులసిలో సహజంగానే మిథైల్ యూజినాల్ ఉంటుందని తర్వాత తెలిసింది. తులసాకు దంచి కొబ్బరిచిప్పలో పెట్టి ఎరగా వాడేవాళ్ళు ఉన్నారు. వచ్చేవి మాత్రం ఇక్కడా మగవే.

నాకు నిజంగా కాయలు తెచ్చిపెట్టినవి మూడు పనులు. మూడూ ఒళ్ళు వంచి చేసేవే.

మొదటిది, రాలిన కాయ చెట్టు కింద ఒక్క పూట కూడా ఉండకూడదు. రోజూ పొద్దున్నే ఏరాలి. ఏరినవి కంపోస్టులో వెయ్యకూడదు, అది పురుగులకి అత్తారిల్లు. నేను ఏడాది పాటు అదే చేశాను. మందపాటి పాలిథిన్ సంచిలో వేసి, గాలి చొరకుండా మూతి బిగించి, డాబా మీద ఎండలో కొన్ని రోజులు ఉంచుతాను. ఎండ లేకపోతే రెండడుగుల లోతున పూడ్చాలి. చెట్టు కింద మట్టిని వారానికోసారి గునపంతో పైపైన కదిపితే లోపలి గింజలు బయటపడి గోరింకలు, చీమలు తీసుకుపోతాయి.

పక్కింటి పిన్నిగారి చెట్టు కింద కాయలు రాలి మగ్గుతున్నంత కాలం నా ఏరుడు సగం వృథా అయింది. చెప్పడానికి మొహమాటం. చివరికి "పిన్నిగారూ, మీ కాయలు కూడా నేనే ఏరిపెడతాను" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు గానీ, ఇప్పుడు ఆవిడే ఏరి సంచి కట్టి గోడ మీద పెడుతున్నారు.

రెండోది, కాయకి సంచి కట్టడం. జామ నిమ్మకాయంత అవ్వగానే కట్టాలి, కాకర అయితే పువ్వు వాడగానే. ముందు పాత దోమతెర ముక్కలు కట్టాను. కాయ పెరిగి తెరకి ఆనుకోగానే ఈగ తెరలోంచే గుచ్చింది. కాగితం సంచులు మొదటి వానకే చిరిగాయి. బట్టల కొట్లో ఇచ్చే పల్చటి నాన్-వోవెన్ సంచి గుడ్డని చిన్న సంచులుగా కుట్టి, కాడ దగ్గర దారంతో బిగించాను. రెండేళ్ళుగా అవే వాడుతున్నాను. అన్ని కాయలకీ కట్టలేం. చేతికందే నలభై, యాభై కాయలకి కడతాను, మిగతావి చిలకలకి, ఉడతలకి.

మూడోది చెప్తే మీరు ఒప్పుకోకపోవచ్చు. వానాకాలం కాపుని వదిలేయండి. జామ ఏప్రిల్, మే నెలల్లో పూస్తే కాయ వానల్లో వస్తుంది. ఈగ ఉధృతమంతా అప్పుడే, పైగా ఆ కాయ చప్పగా ఉంటుంది. ఆ పూతని తుంచేస్తే చెట్టు మళ్ళీ వానల్లో పూసి చలికాలంలో కాస్తుంది. చలికి ఈగలు బాగా తగ్గుతాయి, కాయ తియ్యగా ఉంటుంది. పెద్ద తోటల్లో కూడా వానాకాలం కాపుని ఇలాగే తగ్గించుకుంటారు. నేను నిచ్చెనేసుకుని పువ్వులు తుంచుతుంటే పిన్నిగారు "పూత తుంచితే పాపమే" అని గోడ అవతల నుంచి కేకలేశారు. సంక్రాంతికి కాయలు పంపాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మందు కొట్టడం గురించి మీరు అడగలేదు గానీ, పక్కన ఎవరో ఒకరు చెప్తారు. పురుగు కాయ లోపల ఉంటుంది, పైన కొట్టిన మందు దానికి తగలదు. మనం మాత్రం ఆ కాయ తింటాం. వేపనూనె కూడా లోపలున్న పురుగుని ఏమీ చేయలేదు. మామిడికైతే ఎగుమతి చేసేవాళ్ళు కాయల్ని 48 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచుతారు. ఈ ఈగల వల్లే 2014లో యూరోపియన్ యూనియన్ మన మామిడిపళ్ళని కొన్నాళ్ళు రానివ్వలేదు. ఇంట్లో ఆ వేడి లెక్క కుదరదు, కాయ ఉడికిపోతుంది. పెరట్లో మామిడి ఉంటే చెట్టు మీద పండనివ్వకుండా పక్వానికి రాగానే కోసి గడ్డిలో ముగ్గేయండి.

మీ చెట్టు మీద ఇప్పుడున్న కాయల్లో నిమ్మకాయ దాటినవి ఈసారికి వదిలేసుకోండి. రాలినవి రోజూ ఏరుతూ, చిన్న పిందెలకి సంచులు కట్టండి. కాకరకి మాత్రం ఆగకండి, రేపే కట్టండి. గ్రైండర్ ఉంటే ఈ రాత్రికే ఎత్తి చూడండి, ఏం కనిపించిందో ఇక్కడే రాయండి.