ఏడో నెల పాపకి రాగి జావ వడగట్టాలా, పొట్టుతోనే పెట్టాలా?

పీచు మంచిదని పొట్టుతోనే జావ కాచి పెడుతున్నాను, మూడు రోజులుగా పాపకి మోషన్ లేదు, ఏం చేయాలి అని అడిగారు. ముందు టెన్షన్ పడకండి. మా బాబుకీ ఇలాగే అయింది.

ఆరు నెలలు నిండగానే రాగులు, సజ్జలు, జొన్నలు కలిపి మర ఆడించి, జల్లించకుండానే రెండు పూటలా పెట్టాను. పొట్టు తీస్తే బలం పోతుందనుకున్నాను. వారం తిరక్కుండానే పాలు తాగడం తగ్గించేశాడు, తర్వాత ఒకరోజు ముక్కీ ముక్కీ మేక పెంటికల్లా గట్టిగా వెళ్లాడు, డైపర్ మీద సన్నటి రక్తపు చార చూసేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరు గారు చెప్పిందేమిటంటే, పిల్లల పొట్ట చిన్నది, పీచు ఎక్కువైతే దానితోనే నిండిపోయి పాలు తగ్గుతాయి, ఒంట్లోకి నీళ్లు చాలక మలం గట్టిపడుతుంది.

అలాగని రాగులు మానేయకండి, వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు. మా అమ్మ వచ్చి పద్ధతి మార్చింది. రాగులు ఇసుక లేకుండా గాలించి, రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూట కట్టేది. ఒకటిన్నర రోజుకి తెల్లటి మొలక ముక్కు కనిపిస్తుంది, అంతే చాలు, నీడలో ఆరబెట్టి, కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి, పిండి పట్టి, పలుచటి నూలు గుడ్డలో జల్లించేది. గుడ్డలో మిగిలే గోధుమరంగు పొట్టుని పక్కన పెట్టేయడమే. మొలక వస్తే గింజలోని పిండి పదార్థం కొంత విడిపోతుంది కాబట్టి జావ ముద్దలా బిగుసుకోదు, అదే పలుచదనంలో కాస్త ఎక్కువ పిండి పడుతుంది, పిల్లలకి శక్తి ఎక్కువ అందుతుంది.

ఒక్క పూటే పెట్టండి, అర చెంచా నెయ్యి వేసి. రెండో పూట పెసరపప్పు, అన్నం మెత్తగా మెదిపి పెట్టండి. మధ్యలో కాచి చల్లార్చిన నీళ్లు రెండు మూడు చెంచాలు తాగించండి, తల్లిపాలు మాత్రం తగ్గించొద్దు. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వద్దు, తేనె అసలే వద్దు.

మా వాడికి తొమ్మిదో నెల దాటాక జల్లించడం మెల్లగా మానేశాం, ఒక్కో ధాన్యం విడివిడిగా, మూడు నాలుగు రోజులు చూసుకుంటూ కలిపాం. ఈలోపు పాప పొట్ట ఉబ్బినా, వాంతులైనా, రక్తం కనిపించినా ఇంట్లో ఏమీ ప్రయత్నించకుండా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి.